ముక్కులోని కణం.. వెన్నుకు వంతెన

వెన్నుపాము ఒకసారి తెగితే మళ్లీ అతకదన్నది వైద్యశాస్త్రం తరతరాలుగా చెబుతూ వచ్చిన మాట. ఆ మాటకు తలొగ్గక, దాదాపు అర్ధ శతాబ్దం పాటు ప్రయోగశాలకే అంకితమైన నాడీ శాస్త్రవేత్త జెఫ్రీ రైస్‌మన్. ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో 1939లో జన్మించిన ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో వైద్యవిద్య అభ్యసించి, అక్కడే పరిశోధనలకు శ్రీకారం చుట్టారు.

పెద్దవారి మెదడులో నాడీ సంబంధాలు మారవని శాస్త్రవేత్తలు దృఢంగా నమ్ముతున్న రోజులవి. ఎలుక మెదడులోని ఒక భాగానికి చేరే రెండు నాడీ మార్గాల్లో ఒకదాన్ని రైస్‌మన్ తెంచి, ఫలితాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించారు. బీడు పడిన మడిని పక్క రైతు సాగులోకి తెచ్చుకున్నట్లు, ఖాళీ అయిన చోట రెండో మార్గపు తంతువులు కొత్త సంధులు ఏర్పరచుకున్నాయి. 1969లో వెలువడిన ఈ ఫలితాన్ని తోటి శాస్త్రవేత్తలు వెంటనే ఒప్పుకోలేదు. అనంతరం సహచరి పౌలీన్ ఫీల్డ్‌తో కలిసి ఆడ, మగ ఎలుకల మెదడు నిర్మాణంలో తేడాలనూ ఆయన వెలుగులోకి తెచ్చారు. 1974లో లండన్ మిల్‌హిల్‌లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థకు మారారు.

ముక్కే ఎందుకు?

మెదడు, వెన్నుపాములలో తెగిన తంతువులు తిరిగి పెరగవు. వాసన పసిగట్టే నాడీకణాలు మాత్రం ఇందుకు మినహాయింపు. ఇవి జీవితాంతం చనిపోతూ, కొత్తవి పుడుతూ ఉంటాయి. పుట్టిన ప్రతి కణమూ తన తంతువును మెదడులోకి పంపుతుంది. మరెక్కడా తెరుచుకోని తలుపు ఇక్కడ ఎలా తెరుచుకుంటోంది? తంతువుల చుట్టూ తొడుగులా ఉండే ప్రత్యేక కణాలే దారి ఇస్తున్నాయని రైస్‌మన్ 1985లో వివరించారు. ఆ కణాలను వెన్నుపాము గాయంలో నాటితే అక్కడా దారి ఏర్పడవచ్చని భావించారు. ముందరి కాలితో ఆహారం అందుకోలేని స్థితికి చేరిన ఎలుకలకు ఈ కణాలు నాటగా, ఆ శక్తి తిరిగి వచ్చినట్లు ఆయన బృందం 1997లో సైన్స్ పత్రికలో ప్రకటించింది.

ఎలుక నుంచి మనిషికి రావడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. 2005లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు మారిన రైస్‌మన్, పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్ నగర శస్త్రవైద్యుడు పావెల్ తబకోవ్‌తో చేతులు కలిపారు. ఈత ప్రమాదంలో కుమారుడి కాళ్లు చేతులు చచ్చుబడిన ఒక పాకశాస్త్ర నిపుణుడు నెలకొల్పిన నిధి ఈ పరిశోధనకు ఆర్థికంగా తోడ్పడింది.

2010లో కత్తిపోట్లకు గురై, ఛాతీ కింది భాగం చచ్చుబడిన ఒక వ్యక్తిని వైద్యులు ఎంచుకున్నారు. 2012లో ఆయన మెదడు అడుగున ఉండే రెండు ఆల్‌ఫాక్టరీ బల్బుల్లో ఒకదాన్ని తొలగించి, అందులోని కణాలను దాదాపు రెండు వారాలు పెంచారు. సుమారు 5 లక్షల కణాలను వెన్నుపాములోకి సన్నని సూదులతో ఎక్కించి, 8 మిల్లీమీటర్ల ఎడంపై చీలమండ నుంచి తీసిన నాలుగు నరపు ముక్కలను వంతెనలా అమర్చారు. ఆరు నెలల తర్వాత ఆయన ఊతకడ్డీల మధ్య, కాళ్లకు పట్టీలతో తొలి అడుగులు వేశారు. తర్వాత ఫ్రేమ్ సాయంతో నడిచారు. ఫలితాలు 2014 అక్టోబరులో వెలువడ్డాయి.

ఇక్కడ ఒక మాట విస్మరించరాదు. ఇది ఒక్క రోగికి సంబంధించిన ఫలితం. నరపు ముక్కల పాత్ర ఎంత, రోజుకు ఐదు గంటల చొప్పున వారానికి ఐదు రోజులు సాగిన వ్యాయామం పాత్ర ఎంత అని పలువురు నిపుణులు ప్రశ్నించారు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 2002లో ఇదే జాతి కణాలను ముక్కు లోపలి పొర నుంచి తీసి నాటినప్పుడు హాని జరగలేదు గానీ, చెప్పుకోదగ్గ మెరుగుదలా కనిపించలేదు. రైస్‌మన్ 2017 జనవరిలో, 77 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

తాడిచెట్టుపై నుంచి జారిపడి, రోడ్డు ప్రమాదాల్లో గాయపడి మంచం పట్టినవారి కుటుంబాలకు ఇలాంటి వార్త ఆశ కలిగించడం సహజమే. అయితే భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధులు తదితరాలకు చేసే మూలకణ మార్పిడి మినహా, మిగతా మూలకణ ప్రయోగాలను అనుమతి పొందిన పరీక్షల్లో భాగంగానే చేపట్టాలి. అలాంటి పరీక్షల్లో చేరినవారి నుంచి చికిత్స పేరిట సొమ్ము వసూలు చేయరాదు.