కిలో టమాటా ఢిల్లీ పోవాలంటే ఎంత మేత కావాలి?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికుంటే చదవండి.

మొన్న మదనపల్లె మండీలో ఢిల్లీ లారీకి టమాటా ఎత్తుతుంటే డ్రైవర్ని అడిగాను, బండి ఎంత తాగుతుందని. "లోడు మీద లీటరుకు నాలుగు కిలోమీటర్లన్నా" అన్నాడు. ఇంటికొచ్చి లెక్కేశాను. దూరం రెండు వేల కిలోమీటర్లు అనుకుందాం, 500 లీటర్ల డీజిలు. లోడు 18 టన్నులు. కిలోకు 28 మిల్లీలీటర్లు పడింది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ కాస్త డీజిల్లో సుమారు 240 కేలరీల శక్తి ఉంది. కిలో టమాటా మొత్తం తిన్నా మనిషికి వచ్చేది 180 కేలరీలే! తిండిలో ఉన్నదానికంటే దాన్ని మోయడానికి కాల్చిందే ఎక్కువన్నమాట. అదే లారీలో బియ్యం పోతే కిలోకు 3,500 కేలరీలు, డీజిలు ఖర్చు అందులో నూటికి ఏడు వంతులే. టమాటాలో నూటికి 94 పాళ్లు నీళ్లు మరి.

మన తాతల కాలంలో ఈ లెక్క ఎట్లా ఉండేదో చూద్దాం.

రోడ్లు, రైళ్లు లేని రోజుల్లో ఈ దేశంలో ధాన్యం, ఉప్పు దూరాలకు మోసింది లంబాడీలు, బంజారాలు. ఎద్దు వీపు మీద అటొక సంచి, ఇటొక సంచి. మనవాళ్లు పెరిక ఎద్దులు అనేవాళ్లు. ఇప్పుడు తండా అంటే ఊరు అనుకుంటున్నాం కానీ అప్పట్లో తండా అంటే నడిచే ఎడ్ల గుంపే. 17వ శతాబ్దంలో గోల్కొండకు వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఒక్కో గుంపులో పది పన్నెండు వేల ఎద్దుల్ని చూశానని రాశాడు. ఇరుకు దారిలో ఎదురుపడితే అవి దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట.

రోజుకు నడక పది పన్నెండు కిలోమీటర్లు. ఆ లెక్కన ఇక్కడి నుంచి ఢిల్లీకి ఆరు నెలలు. టమాటా కాదు కదా, గుమ్మడికాయ కూడా ఆగదు. అందుకే దూరం పోయింది ఎండిన సరుకే: బియ్యం, జొన్న, పప్పులు, ఉప్పు. పచ్చి సరుకు పండిన చోటే తిన్నారు. వాళ్ల డీజిలు దారి పక్క గడ్డి. రూపాయి ఖర్చు లేదు. కొని మేపితే మాత్రం కొన్ని వారాలకే ఎద్దు తాను మోసే సరుకు విలువంతా తినేస్తుంది. కరువొస్తే ఇంకో చిక్కు. ధాన్యం కావాల్సిన చోటే గడ్డీ ఉండదు, నీళ్లూ ఉండవు. తిండి అత్యవసరమైన ఏడాదే మోసే శక్తి కూడా ఎండిపోతుంది.

నీటి మీద మోత దీనికంటే చాలా తేలిక. నేల మీద బండి లాగలేని బరువును పడవలో పెడితే, గట్టు మీద తాడు పట్టుకుని నడిచే ఇద్దరు ముగ్గురు లాగేస్తారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర అందుకే కాలువలు పారకానికే కాదు, పడవలకూ పనికొచ్చేట్టు తవ్వించాడు. రైళ్ల మీద పోసే డబ్బు కాలువల మీద పెట్టండని 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా వాదించాడు. కాకినాడ వైపు నుంచి బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా బియ్యం పడవల్లో పోయేది. మద్రాసు ఊళ్లో ఆ కాలువ ముక్కను తవ్వింది 1877-78 కరువు పనుల్లోనే.

ఆ కరువే మన ధాత కరువు. దక్షిణాదిలో, దక్కన్‌లో యాభై లక్షల మందికి పైగా పోయారు. అప్పటికే రైలు ఉంది, గుర్తుంచుకోండి. మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా 1871కే పట్టాలు పడ్డాయి. బొగ్గుకు కరువుతో పనిలేదు, వానతో పనిలేదు. గింజలు స్టేషను దాకా వచ్చాయి. కానీ స్టేషను నుంచి పల్లెకు చేర్చాల్సినవి ఎద్దులే, అవి మేత లేక చచ్చాయి. చేరిన చోట కొనడానికి కూలోడి చేతిలో కాసు లేదు. అదే సమయంలో ఈ దేశం గోధుమలు ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి. సరుకు కదిలేది ఆకలి ఉన్న వైపు కాదు, ధర ఉన్న వైపు అని మనవాళ్లకు ఆ ఏడాది తెలిసొచ్చింది.

తర్వాత డీజిలు వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో సరుకు నూటికి ఎనభై పాళ్లకు పైగా రైల్లోనే పోయేది, ఇప్పుడు మూడో వంతు కూడా లేదు. టన్ను సరుకు మోయడానికి రైలుకు పట్టే శక్తి లారీతో పోలిస్తే చాలా తక్కువ. అయినా మనం లారీకే ఎందుకు ఎత్తుతున్నాం? పొద్దున వేలం అయితే మధ్యాహ్నానికి బండి కదులుతుంది కాబట్టి. రైలంటే స్టేషనుకు ఒక ఎత్తుడు, అక్కడ దించి మళ్లీ ఇంకో ఎత్తుడు. పండుకు దెబ్బ, హమాలీ రెండింతలు. 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు మొదలైనప్పుడు, బాడుగలో సగం రాయితీ ఇస్తామన్నప్పుడు మనందరం సంబరపడ్డాం. రాయితీ మీద నడిచే బండి రాయితీ ఉన్నన్నాళ్లే కదా.

చెప్పొచ్చేదేమంటే, గడ్డి అయినా, బొగ్గు అయినా, డీజిలు అయినా మేత ఖర్చు ఎవరో ఒకరు కట్టాల్సిందే. ఢిల్లీలో ధర ఎక్కడ పడిపోయినా లారీ తాగేది తగ్గదు. వ్యాపారి ముందు బాడుగ తీసేసుకుని మిగిలిందే మనకు వేలంలో పాడతాడు. మిగలని రోజు పంట రోడ్డు పక్క పారబోస్తున్నాం. ఆ తప్పు టమాటాది కాదు, నీళ్లను రెండు వేల కిలోమీటర్లు మోసే లెక్కది.

పెరిక ఎద్దుల కాలం తిరిగి రావాలని నేను అనడం లేదు. ఆ కాలపు తెలివి ఒకటి మాత్రం తీసుకుందాం: దూరం పంపేది ఎండబెట్టి పంపు, పచ్చిది దగ్గర అమ్ము. ఎండు టమాటా, గుజ్జు తీసే యూనిట్లు మండల స్థాయిలో ఉంటే మనం మోసే బరువు సగానికి సగం పోతుంది. మార్కెట్ యార్డు గేటు దాకా పట్టాలు వేస్తే రైలు లెక్క కూడా మారుతుంది.

మీ పంట ఎంత దూరం పోతోంది, కిలోకు బాడుగ ఎంత పడుతోంది? కింద రాయండి, అందరం కలిపి లెక్కేద్దాం.