మల్కాపుర శాసనమునందలి వైద్యవృత్తి

కాకతీయుల దానశాసనము లనఁగానే దేవాలయములును, చెఱువులును, అగ్రహారములును స్ఫురించును. రోగికిఁ జికిత్సయుఁ, బ్రసవించు స్త్రీకి రక్షణయుఁ గల్పించుటకై యేర్పడిన దానము లంతగాఁ జర్చకు రావు. ఆ విషయమునఁ దెలుగునాట ముఖ్యమైన ప్రమాణము మల్కాపుర శాసనము. కాకతీయుల రాజధానియైన యోరుగల్లునకుఁ జుట్టునుగల జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో గ్రామారోగ్యమునకై నేఁడు జరుగుచున్న ధనవినియోగమును బరిశీలించుట కీ శాసన మొక కొలబద్ద కాఁగలదు.

ఈ శాసనము శా. శ. 1183, అనఁగాఁ గ్రీ. శ. 1261 నాఁటిది. కృష్ణానది దక్షిణతీరమున, గుంటూరు జిల్లాలోని మల్కాపురమున, శిలాస్తంభముపైఁ జెక్కఁబడియున్నది. గణపతిదేవుని దీక్షాగురువగు విశ్వేశ్వరశంభువు గౌడదేశమునందలి పూర్వగ్రామమువాఁడు; గోళకీమఠ సంప్రదాయమున నాచార్యుఁడు. ఆయనకు మందరగ్రామము నిచ్చెదనని గణపతిదేవుఁడు పలికియుండెను. రుద్రమదేవి తండ్రిమాటను జెల్లించి, వెలగపూడిని గూడఁ జేర్చి దానము చేసెను. మందరమే నేఁటి మందడము. ఆచార్యుఁ డచ్చట విశ్వేశ్వరగోళకి యను నగ్రహారమును నెలకొల్పి, దేవాలయ మఠ సత్రములతోపాటు ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను స్థాపించెను.

దానభూమి మూఁడు భాగములుగ విభజింపఁబడెను. ఒకటి శివునకు, ఒకటి విద్యార్థులకును శైవమఠమునకును, మూఁడవది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రమునకు. వేదములను జెప్పుటకు మువ్వురును, పద వాక్య ప్రమాణ సాహిత్యాగమములను జెప్పుట కైదుగురును నియమింపఁబడిరి. వారి తోడనే యొక వైద్యుఁడును, లెక్కలు వ్రాయు నొక కాయస్థుఁడును బేర్కొనఁబడిరి. బ్రాహ్మణుఁడు మొదలు చండాలునివఱకు వచ్చినవారికెల్ల నన్నము పెట్టవలెనని శాసనము విధించుచున్నది.

ఇందు గమనింపఁదగిన దేమి? ఆరోగ్యశాల యను కట్టడము మాత్రము కాదు. అందుఁ బనిచేయువాఁడు దానపత్రములోనే గణింపఁబడెను. శాలను నడపుటకు వలయు నాదాయమును దానపత్రమే చూపెను. విద్య చెప్పువానికిని, వైద్యము చేయువానికిని, లెక్క వ్రాయువానికిని నొక్కచోటనే స్థాన మిచ్చుట దాత వివేకమునకుఁ దార్కాణము. వైద్యుఁడు లేని శాల వట్టి గోడలు. లెక్కలేని దానము కొలఁదికాలములో నన్యాక్రాంతమగును.

ఈ పద్ధతి దక్షిణదేశమున నంతకుముందును గలదు. పదునొకండవ శతాబ్దియందుఁ జోళరాజగు వీరరాజేంద్రుని నాఁటి తిరుముక్కూడల్ శాసనము పదునైదు పడకల యాతురశాల నొకదానిని వర్ణించుచు, వైద్యునకును, శస్త్రవైద్యునకును, మూలికలు తెచ్చువారికిని, పరిచర్య చేయు స్త్రీలకును వేర్వేఱుగ జీవితము లేర్పఱచినది. కాకతీయరాజ్యమునఁ జెఱువుల విషయమునను నిదియే న్యాయము. నేఁటి మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెఱువును గణపతిదేవుని సోదరి మైలాంబ నిర్మింపించెనని యచ్చటి శాసనము తెలుపుచున్నది. చెఱువు కట్టించినవానికిని, దానిని బాగుచేయువానికిని బంటలోఁ బదియవపాలుగ లభించు దశబంధ మా కాలపు శాసనములందుఁ గానవచ్చును. కట్ట పోసిన పుణ్యముకంటెఁ గట్టను గాపాడువాని కూడు ముఖ్యమని వా రెఱుఁగుదురు.

అయినను నొక్క శాసనమునుబట్టి కాకతీయరాజ్యమున నూరూర నారోగ్యశాల యుండెననుట సాహసము. మల్కాపురమున నున్నది రాజగురువున కిచ్చిన యగ్రహారము. మఱియు 1323లో నోరుగల్లు పడినపిమ్మట రాజవంశ మంతరించెను. ఆచంద్రార్కమని వ్రాసిన దానములును రాజ్యముతోడనే సడలిపోవుట చరిత్రమునఁ బలుమాఱులు చూచినదే. కావున నా కాలమును గీర్తించుటకంటె, ఆ దానమునందలి యేర్పాటును గ్రహించుటయే యుక్తము.

ఆధునికకాలమున నీ ధర్మము ప్రభుత్వములకు సంక్రమించినది. 1943లో నియమితమైన భోర్ సంఘము 1946లో నివేదిక నిచ్చి, గ్రామములకుఁ బ్రాథమికారోగ్యకేంద్రము లుండవలెనని సూచించెను. 1977 అక్టోబరు 2వ తేదీన నారంభమైన గ్రామారోగ్య కార్యకర్తల పథకమునందుఁ గార్యకర్తకు లభించినది నెలకు 50 రూపాయల గౌరవభృతి. 2005లో జాతీయ గ్రామీణారోగ్య మిషన్ వచ్చి, సుమారు వేయిమంది జనులకు నొక ఆశా కార్యకర్త నేర్పఱచెను. ఆమెకు జీతము గాక పనిపనికిఁ బ్రోత్సాహధనము విధింపఁబడెను. తరువాతఁ దెలంగాణమున నెలసరి మొత్తము నిర్ణయమైనను, ఆమె యుద్యోగినిగాఁ గాక స్వచ్ఛందసేవికగనే పరిగణింపఁబడినది. గర్భిణి నాసుపత్రికిఁ దోడ్కొనిపోవునదియు, శిశువునకు టీకా వేయించునదియు, క్షయరోగి మందు మానకుండఁ జూచునదియు నామెయే.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాలయ్యెను. మహబూబాబాదున 2022లోను, జనగామ, భూపాలపల్లులయందు 2023లోను బ్రభుత్వ వైద్యకళాశాలలు నెలకొనెను. అంతకుముం దీ సీమవారికిఁ బెద్ద యాశ్రయము 1959లో వెలసిన వరంగల్లు కాకతీయ వైద్యకళాశాలయు, దాని యాసుపత్రియు. ఈ విస్తరణ సామాన్యమైనది కాదు. పదునైదవ ఆర్థికసంఘము 2021 మొదలు 2026 వఱకు నైదేండ్లకు స్థానికసంస్థల ద్వారమున నారోగ్యమునకై 70,051 కోట్ల రూపాయల గ్రాంటును సిఫారసు చేసెను. అందు ముఖ్యాంశములు కట్టడములు లేని యుపకేంద్రములకుఁ గట్టడములు, రోగనిర్ణయ సాధనములు, మండలస్థాయి ప్రజారోగ్య కేంద్రములు. ఇవన్నియు నవసరములే. కాని గోదావరితీరపు టడవిపల్లెలలోను, మహబూబాబాదు తండాలలోను రోగి మొదట నెదుర్కొనునది కట్టడమును గాదు, యంత్రమును గాదు, తలుపు తట్టివచ్చిన కార్యకర్తను. గడువు గల గ్రాంటుతో గోడ లేవవచ్చును. గడువు తీఱిన పిదప నా గోడలనడుమ నెవరుందురు?

మల్కాపురపు స్తంభమున దీనికొక యుత్తరము గలదు. దానము చేయునపుడే మూఁడు సంగతులు వ్రాయవలెను: పని చేయువా రెవరు, వారి జీవనమున కాధార మెద్ది, లెక్క చూచువా రెవరు. రుద్రమదేవి నాఁడది పొలముతోఁ దీఱెను. నేఁడు శాశ్వతమైన పదవితోను, నెలనెలఁ దప్పని జీతముతోను దీఱవలెను. ఆరోగ్యశాల కెన్ని గదులో శాసనము చెప్పలేదు. అందొక వైద్యుఁ డుండవలెనని మాత్రము చెప్పినది.