అమ్మ భుజం నొప్పి - ఒక ఇంటి యంత్రం కథ

పోయిన నెల వరంగల్ వెళ్ళినప్పుడు ఇంట్లో ఓ పుస్తకాల అర చేశాను. సొంతంగా! రెండు ప్లైవుడ్ పలకలు, నాలుగు బ్రాకెట్లు, పక్కింట్లో అడిగి తెచ్చిన డ్రిల్లు. ఆదివారం మొత్తం పట్టింది. అర కాస్త ఎడమకి వాలింది. నాన్న చూసి "ఇంజనీరింగ్ కి కట్టిన ఫీజు గోడ మీద కనపడుతోందిరా" అన్నారు :)

సరే, నా అర సంగతి వదిలేద్దాం. మా ఊళ్ళో ఇళ్ళల్లో ఇంతకంటే పెద్ద పనులే జరిగాయి. కొత్తవాడ వెళ్తే ఇల్లూ కార్ఖానా వేరువేరుగా ఉండేవి కావు. గదిలో గుంత తవ్వి మగ్గం దించితే అదే ఫ్యాక్టరీ. అక్కడ నేసిన జంపఖానాలు పెళ్ళిళ్ళలో మనందరం కూర్చున్నవే. వరంగల్ తివాచీలు 1851 లోనే లండన్ మహా ప్రదర్శన దాకా వెళ్ళాయి. వరంగల్ జంపఖానాకి 2018 లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఐతే ఈ చరిత్రలో మనకి కనిపించేది మగ్గం మీద కూర్చున్న మనిషే. దారం మగ్గం దాకా వచ్చేలోపు ఇంట్లో ఆడవాళ్ళు చేసే చాకిరీ ఎవరి లెక్కలోకీ రాదు. ఆ లెక్క వేసినవాడు మాకు దగ్గర్లోనే ఉన్నాడు. ఆలేరు పక్కన శారాజీపేట, చింతకింది మల్లేశం.

పోచంపల్లి చీరలో డిజైన్ నేతలో పుట్టదు, దారంలోనే పుడుతుంది. దారాన్ని ముందే లెక్కగా కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. అలా కట్టాలంటే పేక దారం ఒక వరసలో అమరాలి. అందుకే ఆసు పోస్తారు. ఒక వైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరస. దారాన్ని ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ ఒక్కో మేకు చుట్టూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9 వేల సార్లు ఆడాలి. నాలుగైదు గంటల పని. రోజుకి రెండు చీరలైతే 18 వేల సార్లు. ఒక్కో విసురూ ఒక్క మీటరే అనుకున్నా 18 కిలోమీటర్లు! వేయిస్తంభాల గుడి దగ్గర్నుంచి వరంగల్ కోట దాకా వెళ్ళి రావడానికి ఇంచుమించు అంత దూరం. ఆ దూరమంతా రోజూ ఒక్క భుజమే నడవాలి.

మల్లేశం వాళ్ళమ్మ లక్ష్మి గారు చేసిన పని అదే. భుజం నొప్పితో ఇక నా వల్ల కాదనే దాకా వచ్చింది. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన కొడుకు 1992 లో యంత్రం పని మొదలెట్టాడు. ఎలక్ట్రానిక్స్ తెలీదు, డ్రాయింగ్ తెలీదు. ఒక్కో కదలికనీ విడదీసి, ఒక్కోదానికి ఒక్కో భాగం చేసుకుంటూ పోయాడు. చెయ్యి ముందుకీ వెనక్కీ పోవడం వచ్చింది. మేకు నుంచి మేకుకి జరగడం వచ్చింది. దారం మేకు చుట్టూ తిరగడం మాత్రం ఓ పట్టాన రాలేదు. అప్పులయ్యాయి, ఊళ్ళో నవ్వులయ్యాయి. 1997 లో అన్నీ ఆపేసి హైదరాబాద్ చేరాడు. 1999 లో బాలానగర్ లో వైరింగ్ పనికి వెళ్ళిన చోట ఓ యంత్రం తిరుగుతోంది. అందులో ఒక కదలిక చూశాడు. తనకి ఏళ్ళ తరబడి దొరకనిది అదే! ఆ భాగం చేసుకుని ఊరెళ్ళి బిగించాడు. యంత్రం ఆసు పోసింది.

గంటల పని గంటన్నరకి వచ్చింది. యంత్రానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. తర్వాత వందల సంఖ్యలో నేతగాళ్ళ ఇళ్ళకి చేరింది. 2017 లో పద్మశ్రీ, 2019 లో 'మల్లేశం' సినిమా వచ్చాయి. ఇవన్నీ అందరికీ తెలిసినవే.

నన్ను కుదిపేసే సంగతి వేరే ఉంది. నేను వరంగల్ లో ఇంజనీరింగ్ చదివాను. హైదరాబాద్ కి వెళ్ళొచ్చినప్పుడల్లా రైలు ఆలేరు మీదుగానే పోయేది. నాలుగేళ్ళలో ఎన్నిసార్లో! మెకానిజంస్ సబ్జెక్టులో కామ్, ఫాలోయర్ బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్నాను. ఆసు అనే మాట మాత్రం క్లాసులో ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. మా క్లాసులో నేతింటి పిల్లలు ఇద్దరున్నారు. వాళ్ళూ ఆ పనిని ఇంజనీరింగ్ ప్రశ్న అనుకోలేదు. అది "అమ్మ చేసే పని". అమ్మ చేసే పని సమస్య ఎలా అవుతుంది? సమస్యలంటే పుస్తకం చివర ఉండేవి కదా!

మల్లేశంని "చదువు లేకపోయినా సాధించాడు" అని పొగుడుతుంటాం. ఆ పొగడ్త నాకు మింగుడు పడదు. ఏడేళ్ళు పట్టింది ఆయనకి తెలివి తక్కువై కాదు. ఒక లేత్, ఒక వర్క్ షాప్, కామ్ అంటే ఏంటో చెప్పే మనిషి దొరక్క పట్టింది. అవన్నీ రైల్లో గంటంబావు దూరంలో మా దగ్గర ఉన్నాయి. ఆ ఏళ్ళన్నీ ఆ అమ్మ చెయ్యి ఆడుతూనే ఉంది.

మా అమ్మ ఇప్పటికీ కింద కూర్చుని కత్తిపీట మీద కూరలు తరుగుతుంది. లేచేటప్పుడు మోకాలు పట్టుకుని ఓ నిమిషం ఆగుతుంది. నేను చూస్తూ పెరిగిందే. కానీ చేసిందేంటి, నా పుస్తకాలకి అర.

ఈసారి వెళ్ళినప్పుడు అమ్మ కత్తిపీటకి సరిపడే ఎత్తులో ఓ బల్ల చేస్తాను. ఎడమకి వాలకుండా చూసుకోవాలి.