తెర్నేకల్లు కోట తలుపులు

ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఈస్టిండియా కుంఫిణీ మీద తిరుగుబాటు అంటే 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దగ్గరే మాట మొదలవుతుంది. అంతకు నలభై అయిదేళ్ల ముందు, 1801 డిసెంబరులో, మా ఆదోని సీమలో దేవనకొండ దగ్గరి తెర్నేకల్లు ఊరికి ఊరే కుంఫిణీ పటాలానికి ఎదురు నిలిచింది. కుంఫిణీ మొదట చేసిన దాడులు బెడిసికొట్టాయి; ఫిరంగులతో అదనపు బలగం వచ్చాకే కోట చేజిక్కింది. ఈ పోరుకు నాయకుడిగా ఊరు చెప్పుకునే పేరు ముత్తుకూరు గౌడప్ప. ఆయన్ను ఉరితీశారని స్థానిక కథనం. దీన్ని శిస్తు ఎగ్గొట్టిన వాళ్ల అల్లరి అని పక్కన పెట్టేవాళ్లున్నారు. పరాయి సైనిక పాలన మీద రైతులు చేసిన యుద్ధంగానే దీన్ని లెక్కించాలని నా వాదన.

కుంఫిణీ ఈ సీమను గెలుచుకోలేదు కదా, 1800 అక్టోబరు ఒప్పందంతో నిజామే రాసిచ్చాడు కదా అనవచ్చు. నిజమే. కానీ దేనికి రాసిచ్చాడు? తన రాజ్యంలో మకాం వేసిన కుంఫిణీ పటాలాల ఖర్చు కింద. అంటే ఇక్కడి రైతు కట్టే శిస్తు ముందే సైన్యం జీతాలకు తాకట్టు పడింది. అలాంటి చోట శిస్తు వేరు, ఆక్రమణ వేరు అని విడదీయడం ఎలా? నిజాం అలా రాసిచ్చిన దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో వెంట జనరల్ కాంప్‌బెల్ సేన ఉన్నది ఊరేగింపు కోసం కాదు. సుమారు ఎనభై మంది పాలెగాళ్లను అణచడం, వాళ్ల బంట్ల ఆయుధాలు ఊడదీయడం, ఆ తర్వాత వసూళ్లు: వరస అది.

ఈ ఊళ్లు పోరాడిన తీరు నేల నేర్పింది. నరసింహారెడ్డికి వెనక నల్లమల ఉంది. దెబ్బకొట్టి అడవిలోకి జారుకోగలిగాడు. ఎమ్మిగనూరు నుంచి పత్తికొండ దాకా చాలామటుకు రేగడి మైదానం, అక్కడక్కడా రాతిగుట్టలు. దాక్కోవడానికి చెట్టు కరువైన చోట ఊరి గోడే అడవి. ఇప్పటికీ కొన్ని ఊళ్లలో నిలిచిన బురుజులు చూడండి: గుండ్రంగా, కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, తుపాకీ గొట్టం పట్టేంత కంతలతో. మట్టిగోడ రాతిగోడలా పగలదు. గుండును తనలోనే దిగేసుకుంటుంది. కానీ ఫిరంగి తెచ్చి తీరిక చేసుకుని కూర్చున్న శత్రువు ముందు ఇది ఎన్నాళ్లు ఆగుతుంది? తెర్నేకల్లు పోరు చప్పున ముగిసిందంటే అది తెగువ లోపం కాదు, పారిపోవడానికి చోటు లేకపోవడం.

ఆ గోడలు తెల్లవాళ్ల కోసం కట్టినవి కావనేది ఇంకో అభ్యంతరం. కావు. మరాఠా గుర్రాలకూ, పొరుగు పాలెగాళ్లకూ జడిసి కట్టుకున్నవి. పాలెగాళ్లు రైతును పీడించారని మన్రో రాసినదాన్ని పూర్తిగా కాదనలేం. 1786లో టిప్పు ఆదోని కోటను పట్టి పడగొట్టించాడు. దొరలు మారడం ఈ సీమకు కొత్త కాదు. అయినా దోపిడీ దండును చూసి వేసే తలుపునే ఊరు కుంఫిణీ ముఖాన కూడా వేసిందంటే, కొత్త పాలకుణ్ణి ఏ జాబితాలో రాసుకుందో తెలుస్తూనే ఉంది. జాతీయ భావం లేదని తీసిపారేసేవాళ్లు 1801 రైతు దగ్గర 1921 నాటి జాతీయోద్యమపు మాట వెతుకుతున్నారు.

అసలు గట్టి అభ్యంతరం మన్రో మీద జనానికున్న ప్రేమ. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న సీమ ఇది. మంత్రాలయంలో ఆయనకు రాఘవేంద్రస్వామి కనిపించారని చెప్పుకునే సీమ. కానీ ఆయన లెక్కలే చూడండి. 1807లో వెళ్లిపోతూ భూమిశిస్తు పాతిక శాతం తగ్గించమని సిఫారసు చేసింది ఆయనే. నూటికి పాతిక తగ్గించాల్సినంత బరువు అంతకుముందు రైతు నెత్తిన ఉందన్నమాట. ఆ తగ్గింపు ఆయన మద్రాసు గవర్నరు అయ్యాక, 1820 తర్వాతగానీ అమలుకు రాలేదు. 1827 జూలైలో పత్తికొండలో కలరాతో పోయిన మన్రోను జనం తలచుకున్నారు. 1801లో డేరా వేసిన మన్రో వేరు. తెర్నేకల్లు తలుపు వేసింది ఆ 1801 నాటివాడి మీద.

మరి మన పుస్తకాల్లో ఈ ఊరికి చోటు ఎందుకు చిక్కలేదు? నా అనుమానం పాలనా సరిహద్దుల మీద. తర్వాత ఏర్పడ్డ బళ్ళారి జిల్లాలో ఈ సీమంతా చేరింది. తెర్నేకల్లు ఉన్న పత్తికొండ తాలూకా 1858లో కర్నూలుకు వచ్చింది, ఆదోని 1953 దాకా బళ్ళారిలోనే ఉండిపోయింది. తెర్నేకల్లు మీద జరిగిన దాడుల ముచ్చట బళ్ళారి చరిత్రలో పడింది, ఊరేమో కర్నూలులో ఉంది.