జ్వాలాపురపు బూడిదపొర
నంద్యాల జిల్లాయందలి జుర్రేరు లోయలోని జ్వాలాపురమున, సుమారు 74,000 ఏండ్లకు పూర్వము సుమత్రా ద్వీపమందలి టోబా అగ్నిపర్వతము బ్రద్దలైనపుడు గాలివెంట వచ్చి పడిన తెల్లని బూడిద, నేటికిని కొన్నిచోట్ల నిలువెత్తునకు మించిన మందమున కానవచ్చును. పురాతత్త్వవేత్తలు పెట్రాలియా, రవి కొరిసెట్టర్ ప్రభృతులు 2007లో ఆ బూడిదకు క్రిందను పైనను లభించిన రాతిపనిముట్ల సాదృశ్యమును జూపి, ఆధునిక మానవుడు విస్ఫోటమునకు ముందే ఇచట వసించియుండునని ప్రతిపాదించిరి. పురాతత్త్వవేత్త మెల్లర్స్ ప్రభృతులు 2013లో దానిని ఖండించి, ఆధునిక మానవుడు విస్ఫోటమునకు తరువాతనే, సూక్ష్మశిలాపరికరములతో, ఆఫ్రికానుండి వచ్చెనని వాదించిరి. బూడిదపొర నానుకొని మానవాస్థి యొక్కటియు లభింపలేదు. పెచ్చు లెగురగొట్టిన రాయి చేతి నైపుణ్యమును చెప్పునే గాని చేసినవాని జాతిని చెప్పజాలదు. ఆధునిక మానవునికి ఆఫ్రికాయే జన్మస్థానమని మాత్రము ఉభయపక్షములును అంగీకరించినవి. ఈ వాదమునకు మూలమైన బూడిదను వ్యాపారార్థము త్రవ్వుకొనిపోవుచుండిరి. మిగిలినదానినైన కాపాడుట మన విధి.