కొత్త కంప్యూటర్ అడిగే భాష, దేశం: మన ఇళ్ళలో ఏ జవాబు ఇవ్వాలి?

కొత్త లాప్‌టాప్ తెరిచినా, పాతదానిలో విండోస్ మళ్ళీ వేసినా, మొదట అడిగేవి నాలుగు ప్రశ్నలే. ఏ భాష? ఏ దేశం? తేదీ, డబ్బు ఏ పద్ధతిలో చూపించాలి? ఏ కీబోర్డు? చాలామంది చదవకుండానే నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కేస్తారు. పుట్టిన దేశంలోనే ఉండేవాళ్ళకు అది సరిపోతుంది. మన ఇళ్ళ సంగతి వేరు. మా ఇంట్లో ఒక లాప్‌టాప్ హైదరాబాద్‌లో కొన్నది, ఇంకోటి ఇక్కడ ఇంగ్లండ్‌లో కొన్నది. పిల్లల హోమ్‌వర్కు ఇంగ్లిష్‌లో, జీతం పౌండ్లలో, ఊళ్ళో ఇంటి లోను రూపాయల్లో. ఆరు నెలలకని వచ్చే అత్తయ్యగారు చదివేది తెలుగు. వీటన్నిటికీ ఒకే జవాబు కుదరదు.

కంప్యూటర్ భాషనూ దేశాన్నీ కలిపి ఒక చిన్న సంకేతంగా రాసుకుంటుంది. ఇంగ్లిష్‌కు ఈఎన్, తెలుగుకు టీఈ, ఇండియాకు ఐఎన్. ఈఎన్-యూఎస్, ఈఎన్-జీబీ, ఈఎన్-ఐఎన్ మూడూ ఇంగ్లిషే, కానీ తేదీ, కామాలు, డబ్బు గుర్తు మూడింటిలోనూ అన్నీ ఒకేలా ఉండవు. ఇన్‌స్టాలర్ ఒక జవాబును బట్టి మిగతావి తానే ఊహించి ముందే నింపి పెడుతుంది. ఇబ్బందంతా ఆ ఊహలోనే ఉంది. కాబట్టి ప్రతి ప్రశ్నకూ విడిగా జవాబు చెప్పుకోవాలి.

ముందు కీబోర్డు సంగతి. దీనికి మీ భాషతోనూ, మీరున్న దేశంతోనూ పని లేదు. మీ చేతి కింద ఉన్న మీటల మీద ఏం అచ్చయిందో అదే జవాబు. ఇండియాలో అమ్మే లాప్‌టాప్‌ల మీటలు దాదాపు అన్నీ అమెరికన్ పద్ధతిలో ఉంటాయి. అక్కడ షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కితే @ వస్తుంది. బ్రిటిష్ పద్ధతిలో అదే మీటకు " వస్తుంది, 3 మీద £ ఉంటుంది. మాకు తెలిసిన ఒక కుటుంబం విజయవాడ నుంచి తెచ్చుకున్న లాప్‌టాప్‌ను ఇక్కడ మళ్ళీ సెట్ చేసుకున్నారు. దేశం యునైటెడ్ కింగ్‌డమ్ అన్నారు కాబట్టి ఇన్‌స్టాలర్ కీబోర్డు కూడా యూకేదే పెట్టింది. పాస్‌వర్డులో @ కొట్టామనుకున్నారు. తెరమీద చుక్కలే కనిపిస్తాయి కదా, లోపల పడింది మాత్రం ". ఆ లాప్‌టాప్‌లో రోజూ బాగానే తెరుచుకుంది. అదే అకౌంటును ఫోన్‌లో తెరవబోతే పాస్‌వర్డు తప్పంది. రెండు రోజులు ఆ ఇంట్లో ఒకరినొకరు అనుమానించుకున్నారు! పాస్‌వర్డు పెట్టేముందు అక్షరాలు కనిపించే ఏదో ఒక గడిలో @ కొట్టి చూసుకుంటే ఈ గొడవే ఉండదు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు ఇదే తంటా ఇంకో రూపంలో వస్తుంది. అక్కడి లాప్‌టాప్‌లలో అరబిక్, ఇంగ్లిష్ కీబోర్డులు రెండూ ఉంటే, లాగిన్ తెర దగ్గర అరబిక్ ఎంపికై ఉండి మీ పాస్‌వర్డు అరబిక్ అక్షరాల్లో పడుతూ ఉండవచ్చు. విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కితే కీబోర్డు మారుతుంది.

ఇక తేదీలు. పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నా లెక్కలో అన్నిటికంటే నష్టం చేయగలిగేది ఇదే. ఇన్‌స్టాలర్ దీన్ని టైమ్ అండ్ కరెన్సీ ఫార్మాట్ అని అడుగుతుంది, తర్వాత సెట్టింగ్స్‌లో రీజనల్ ఫార్మాట్ అనే పేరుతో కనిపిస్తుంది. అమెరికన్ పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత. మనకూ, బ్రిటన్‌కూ రోజు ముందు.

అత్తయ్యగారి షుగర్ రీడింగులు విజయవాడలో మా మరిది ఒక యాప్‌లో ఎక్కించి, ఆవిడ ఇక్కడికి వచ్చాక ఆ ఫైలు మాకు పంపాడు. అది సీఎస్‌వీ ఫైలు, అంటే కామాలతో విడగొట్టిన ఉత్త అక్షరాలు. మావారి లాప్‌టాప్ అమెరికన్ ఫార్మాట్‌లో ఉంది. ఎక్సెల్‌లో తెరవగానే 03/04/2024, అంటే ఏప్రిల్ మూడో తేదీ రీడింగ్, మార్చి నాలుగుకు వెళ్ళింది. ఏప్రిల్ ఒకటి జనవరి నాలుగైంది, ఏప్రిల్ పన్నెండు డిసెంబరు నాలుగైంది. పదమూడు నుంచి ముప్ఫై దాకా ఉన్నవి అసలు తేదీలుగానే లెక్కకు రాలేదు, ఎందుకంటే పదమూడో నెల లేదు. అవి ఉత్త అక్షరాలుగా గడిలో ఎడమ పక్కకు ఒదిగి ఉన్నాయి. జూన్‌లో చూస్తున్న ఫైల్లో డిసెంబరు రీడింగ్ ఏమిటని నాకు అనుమానం వచ్చింది కాబట్టి సరిపోయింది. ఆ గ్రాఫే డాక్టరు ముందు పెడితే, ఒక్క నెల హెచ్చుతగ్గులు ఏడాది పొడవునా జరిగినట్టు కనిపించేది. మందు మోతాదు అలాంటి కాగితం చూసే కదా నిర్ణయించేది.

ఎక్సెల్ తేదీని లోపల ఒక అంకెగా దాచుకుంటుంది. 1900 జనవరి ఒకటి దానికి 1, అక్కడి నుంచి రోజుకు ఒకటి చొప్పున పెరుగుతుంది. మామూలు ఎక్సెల్ ఫైలు పంపుకుంటే ఆ అంకే వెళ్తుంది కాబట్టి ఏ దేశంలో తెరిచినా తేదీ మారదు, కనిపించే తీరు మాత్రమే మారుతుంది. సీఎస్‌వీలో వెళ్ళేది అక్షరాలే కాబట్టి తెరిచిన కంప్యూటర్ తన పద్ధతిలో చదువుకుంటుంది. అందుకే తేడా ఉందని తెలిశాక తేదీలను ఒక్కొక్కటిగా దిద్దకండి. ఎక్సెల్ మూసి, రీజనల్ ఫార్మాట్ మార్చి, అసలు ఫైలును మళ్ళీ కొత్తగా తెరవండి. చేత్తో రాసుకునే పట్టికల్లోనైతే 2024-04-03 అని సంవత్సరం ముందు పెట్టి కొట్టండి, ఎక్కడ తెరిచినా ఒకలాగే అర్థమవుతుంది.

ఫార్మాట్ ఇంగ్లిష్ ఇండియా అని పెడితే 12,34,567 అని లక్షల్లో కామాలు పడతాయి. ఊరి లెక్కలు చూసుకునేవాళ్ళకు కంటికి హాయి. కానీ ఎక్సెల్‌లో కరెన్సీ బటన్ నొక్కితే ₹ వస్తుంది. ఇంటి ఖర్చులన్నీ పౌండ్లలో రాసుకునే మాకు అది కుదరక యూకే ఫార్మాట్ ఉంచుకున్నాం. సౌదీలో ఉన్నవాళ్ళు ఒకటి గమనించండి. ఫార్మాట్ అరబిక్ సౌదీ అరేబియా అని ఉంటే క్యాలెండర్ కూడా హిజ్రీ అవుతుంది, సంవత్సరం 1440ల్లో కనిపిస్తుంది. కంప్యూటర్ పాడవలేదు, ఫార్మాట్ మార్చితే చాలు.

దేశం అన్నదానికి జవాబు, మీరు ఇప్పుడు ఉంటున్న దేశం. స్టోర్‌లో ఏ యాప్స్ దొరకాలి, ఏ కార్డుతో కొనాలి అనేవి దీన్ని బట్టి ఉంటాయి. మాతృదేశం మీద ప్రేమతో ఇండియా అని పెట్టనక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇంకా జాగ్రత్త కావాలి. గూగుల్ ప్లే దేశాన్ని ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తారు. నెల రోజుల సెలవుకు ఊరెళ్ళి, అక్కడి బ్యాంకు యాప్ కోసం దేశం మార్చుకుంటే, తిరిగొచ్చాక మళ్ళీ మార్చడానికి ఏడాది ఆగాలి. టైమ్ జోన్ వీటికి సంబంధం లేని ఇంకో సెట్టింగ్, దాన్ని విడిగా చూసుకోండి.

భాష దగ్గరికి వస్తే, విండోస్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు ఉండదు. ముందు ఇంగ్లిష్‌లో వేసుకుని, తర్వాత తెలుగు చేర్చుకోవాలి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఫైళ్ళలో ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్ ఒకటి, ఇంగ్లిష్ ఇంటర్నేషనల్ ఇంకోటి ఉంటాయి. రెండోది బ్రిటిష్ స్పెల్లింగులది. ఉన్న విండోస్ మీదే మళ్ళీ వేస్తుంటే, ఇప్పుడున్నది ఏదో అదే తీసుకోండి. వేరేది తీసుకుంటే పాత యాప్స్, సెట్టింగులు అలాగే ఉంచే అవకాశం ఇవ్వదు. ఏదైనా సరే, పిల్లల ఫోటోలు ముందు వేరే డిస్కులోకి ఎక్కించుకున్నాకే మొదలుపెట్టండి.

తెలుగు చేర్చడానికి విండోస్ 11లో సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్‌కు వెళ్ళి, యాడ్ ఎ లాంగ్వేజ్ నొక్కి తెలుగు ఎంచుకోండి. మెనూలు తెలుగులో వస్తాయి. అనువాదం లేనిచోట ఇంగ్లిష్ అలాగే కనిపిస్తుంది. ఇక్కడ చాలామందికి తెలియనిది ఒకటుంది. మెనూల భాష కంప్యూటర్ మొత్తానిది కాదు, ఒక్కో యూజర్‌ది. అత్తయ్యగారికి విడిగా ఒక యూజర్ అకౌంట్ చేసి, అందులో తెలుగు పెట్టి, అక్షరాల సైజు పెంచి ఇచ్చాను. పిల్లల అకౌంట్లు ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. ఆవిడ ఇప్పుడు ఎవరినీ పిలవకుండా ఫోటోలు తెరుచుకుంటారు, షట్‌డౌన్ కూడా తనే చేస్తారు. "ఇదేమంటోందే?" అని అడగాల్సిన పని తప్పింది.

అయితే ఇండియాలో కొన్న కొన్ని లాప్‌టాప్‌లలో హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అనే రకం ఉంటుంది. మెనూలకు రెండో భాష పెట్టుకోవడం అందులో కుదరదు. సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో ఎడిషన్ అన్నచోట ఆ పేరు ఉందేమో చూసుకోండి. ఉన్నా తెలుగు చదవడానికీ, టైపు చేయడానికీ అడ్డేమీ లేదు. 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు వస్తోంది. ఇంగ్లిష్ అక్షరాలతో అమ్మ అని కొడితే తెలుగులో అమ్మ అని పడుతుంది. మామూలుగా తెలుగు అని చేరేది ఇన్‌స్క్రిప్ట్, అది విడిగా నేర్చుకోవాలి. పిల్లలకు ఫొనెటిక్ తేలిక.

ఒక యూజర్ మార్చుకున్నవి లాగిన్ తెరకు వాటంతట అవి వర్తించవు. అదే లాంగ్వేజ్ అండ్ రీజియన్ పేజీలో అడ్మినిస్ట్రేటివ్ లాంగ్వేజ్ సెట్టింగ్స్ అని ఉంటుంది. అందులో కాపీ సెట్టింగ్స్ నొక్కి, వెల్‌కమ్ స్క్రీన్‌కు టిక్ పెడితే అక్కడా సరైన కీబోర్డు వస్తుంది. కొత్త యూజర్లకు కూడా అవే రావాలంటే రెండో టిక్ కూడా పెట్టండి.

పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకునేవాళ్ళకు ఒక మాట. డెబియన్ గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో మొదటి తెర దగ్గరే తెలుగు ఎంచుకోవచ్చు. తెలుగు అన్నాక దేశం యునైటెడ్ కింగ్‌డమ్ అనో, ఎమిరేట్స్ అనో చెబితే, ఈ భాషకూ ఈ దేశానికీ కలిపి లోకేల్ లేదంటుంది. దాని జాబితాలో తెలుగుకున్న దేశం ఇండియా ఒక్కటే మరి! కంగారు పడకుండా, అది చూపించే టీఈ-ఐఎన్ లోకేల్ ఎంచుకుని ముందుకు వెళ్ళండి. దేశం, టైమ్ జోన్ మీరు చెప్పినవే ఉంటాయి. తేదీలు, అంకెలు మాత్రం ఇండియా పద్ధతిలో వస్తాయి.