గొంగడి కప్పుకున్న పంక్ రాకర్

తెలుగులో పంక్ రాక్ ఎందుకు లేదు? మన ఐటీ జనంలో రాక్ పాటలు వినేవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్నే ఇది. హైదరాబాదులో గిటార్లున్నాయి, బ్యాండ్లున్నాయి, ఇంగ్లీషు మీడియం కుర్రాళ్ళకి కొదవ లేదు. మరి 1976లో లండన్‌లో లేచిన ఆ దుమారం లాంటిది ఇక్కడ ఎందుకు లేవలేదు? నా జవాబు సూటిగా చెప్పేస్తాను. లేవకేం, అంతకు నాలుగేళ్ళ ముందే లేచింది. మనం గిటార్ కోసం వెతికాం కాబట్టి కనపడలేదు. అక్కడున్నది డప్పు.

అసలు పంక్ అంటే ఏమిటో ముందు తేల్చుకుందాం. రంగులేసి నిక్కబొడిచిన జుట్టూ, చెవులకి పిన్నీసులూ... ఇదంతా వేషం. 1970ల మధ్యకొచ్చేసరికి ఇంగ్లండులో రాక్ సంగీతం బాగా బలిసింది. పావుగంట సోలోలు, లారీల కొద్దీ సామాను. బాగా నేర్చినవాడే వాయించాలి, డబ్బున్నవాడే రికార్డు చెయ్యాలి. పంక్ వచ్చి ఆ గేటు విరగ్గొట్టింది. 1977లో సైడ్‌బర్న్స్ అనే చిన్న పత్రిక గిటార్ మీద మూడు కార్డుల బొమ్మలేసి, ఇవి వస్తే చాలు బ్యాండ్ పెట్టుకోండి అన్న అర్థంలో రాసింది. పంక్ సిద్ధాంతమంతా అంతే.

ఆ తరంలో నాకు ఇష్టమైనవాడు ద క్లాష్ బ్యాండ్ గాయకుడు జో స్ట్రమ్మర్. అసలు పేరు జాన్ గ్రాహం మెల్లర్. 1952లో అంకారాలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ విదేశాంగ శాఖ ఉద్యోగి, ఆ తండ్రి పుట్టింది మన లక్నోలో. అమెరికా జానపద గాయకుడు వుడీ గత్రీ మీద అభిమానంతో కొన్నాళ్ళు "వుడీ" అని పేరు పెట్టుకున్నాడు. తర్వాత స్ట్రమ్మర్ అయ్యాడు. అంటే తీగల మీద మొరటుగా బాదేవాడు అని! నేను పెద్ద విద్వాంసుణ్ణి కాదు అని పేరులోనే ఒప్పేసుకున్నాడన్నమాట.

ఇప్పుడు ఇటు రండి.

1949లో మెదక్ జిల్లా తూప్రాన్‌లో ఒక దళిత కుటుంబంలో గుమ్మడి విఠల్‌రావు పుట్టాడు. ఉస్మానియాలో ఇంజినీరింగులో చేరి మధ్యలో వదిలేశాడు (మనలో చాలామంది పూర్తిచేసి ఏం పీకామన్నది వేరే చర్చ). దర్శకుడు బి. నరసింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ అసోసియేషన్ ఆయన్ని పాటవైపు గట్టిగా లాగింది. 1972 నాటికి అది జననాట్యమండలి అయింది. 1975లో కెనరా బ్యాంకులో క్లర్కు ఉద్యోగం వచ్చింది. 1984లో రాజీనామా చేశాడు. బ్యాంకు ఉద్యోగమంటే ఆ రోజుల్లో ఇవాళ్టి ఆన్‌సైట్ కంటే ఎక్కువ. దళిత వాడ నుంచి వచ్చినవాడికి మరీను. దాన్ని వదిలి గొంగడి కప్పుకుని, గజ్జెలు కట్టుకుని, చేతిలో కర్ర పట్టుకుని ఊళ్ళ మీద పడ్డాడు.

గద్దర్ అన్న పేరు ఎక్కడిదో చాలామందికి తెలియదు. 1913లో అమెరికా పశ్చిమ తీరాన పంజాబీ కూలీలు, రైతులు, విద్యార్థులు కలిసి పెట్టిన గదర్ పార్టీ నుంచి వచ్చింది. గదర్ అంటే తిరుగుబాటు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వాళ్ళు నడిపిన పత్రికలో పద్యాలకీ పాటలకీ పెద్ద చోటుండేది. విఠల్‌రావు పాటల పుస్తకానికి ఆ పేరు పెడితే, పుస్తకం పేరే మనిషి పేరైపోయింది. అన్నట్టు, ఆ గదర్ పార్టీలో మనవాడొకడున్నాడు. చదువు కోసం కాలిఫోర్నియా వెళ్ళిన దరిశి చెంచయ్య. బే ఏరియాలో ఉన్న మిత్రులు వీసా కష్టాల మధ్య ఎప్పుడైనా ఈ సంగతి గుర్తుచేసుకోవచ్చు. ఆ ఊళ్ళకి చదువుకోవడానికి వెళ్ళిన తెలుగువాళ్ళలో మనం మొదటివాళ్ళం కాదు.

మరి ఈ పాట ఎక్కడ నేర్చాడు? వుడీ గత్రీ లేకుండా స్ట్రమ్మర్ లేడు. నల్లగొండ లేకుండా గద్దర్ లేడు. 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటానికి నల్లగొండ జిల్లా గుండెకాయ. అక్కడ సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల్లాంటి జానపద కళల్ని తీసుకుని వాటితోనే వెట్టి గురించీ దొర గురించీ చెప్పాడు. బండి యాదగిరి నిజాము మీదే పాట కట్టాడు. ఇంకోవైపు శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథతో గిరిజనుల్ని కదిలించి 1969లో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఈ రెండు పాయలూ జననాట్యమండలిలో కలిశాయి. 1979లో వచ్చిన "మా భూమి" సినిమాలో యాదగిరి పాటని గద్దర్ తెర మీద పాడాడు. ముప్పై ఏళ్ళ నాటి పాట మళ్ళీ ఊరూరా మోగింది. అదే ఏడాది డిసెంబరులో అక్కడ ద క్లాష్ "లండన్ కాలింగ్" వచ్చింది. ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశమే లేదు, అయినా తారీఖులు పక్కపక్కన కూచున్నాయి.

గద్దర్ పద్ధతి మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. ఊరి నోట్లో ఉన్న బాణీ తీసుకుంటాడు. లాలిపాట కావచ్చు, నాట్లపాట కావచ్చు, ఒగ్గుకథ వరస కావచ్చు. బాణీ అట్లాగే ఉంచి మాటలు మారుస్తాడు. జనానికి ట్యూను ముందే వచ్చు కాబట్టి రెండో చరణానికల్లా కోరస్ అందుకుంటారు. స్టూడియో అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు. డప్పు, డోలక్, గజ్జెలు, పక్కన ఇద్దరు వంతపాటగాళ్ళు. చిన్న చిన్న పాటల పుస్తకాలూ, క్యాసెట్లూ చేతులు మారేవి. ఒక దళం పాడింది విని ఇంకో ఊళ్ళో ఇంకెవరో మాట మార్చుకుని పాడేవాళ్ళు. ఓపెన్ సోర్స్ ఉద్యమమని మనం గొప్పగా చెప్పుకునేదాని కంటే ముందే ఇక్కడ పాటని ఫోర్క్ చేశారు.

ఇందులో ఒక లోపం కూడా ఉంది, దాన్ని దాచిపెట్టడం నాకిష్టం లేదు. క్రెడిట్స్ ఫైలు పోయింది. గూడ అంజయ్య రాసిన "ఊరు మనదిరా"నీ, వంగపండు ప్రసాదరావు రాసిన "ఏం పిల్లడో ఎల్దమొస్తవ"నీ గద్దర్ పాటలనుకునేవాళ్ళు ఈరోజుకీ కోకొల్లలు. సమష్టి పాటకి ఒక్క ముఖం మిగిలింది. మిగతావాళ్ళు ఆ ముఖం వెనక్కి వెళ్ళిపోయారు.

ఇక ఖరీదు సంగతి. 1978 ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో జాత్యహంకారానికి వ్యతిరేకంగా జరిగిన సభలో స్ట్రమ్మర్ ఇటలీ రెడ్ బ్రిగేడ్స్ పేరున్న టీషర్టు వేసుకుని పాడాడు. అప్పుడు ఆ రెడ్ బ్రిగేడ్స్ చేతిలో ఇటలీ మాజీ ప్రధాని ఆల్డో మోరో బందీగా ఉన్నాడు, కొద్ది రోజులకే చంపేశారు. టీషర్టుకి స్ట్రమ్మర్ తిట్లు తిన్నాడు, అంతే. మన దగ్గర లెక్క వేరు. 1985లో గద్దర్ అజ్ఞాతంలోకి వెళ్ళాడు. బయటికొచ్చింది 1990లో. ఆ ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో పాడితే జనం లక్షల్లో వచ్చారు. 1997 ఏప్రిల్ 6న అల్వాల్ వెంకటాపురంలో ఆయన ఇంటికే వచ్చి కాల్చారు. ఒక తూటా వెన్నులో అట్లాగే ఉండిపోయింది. దాంతోనే ఇంకో ఇరవై ఆరేళ్ళు ఎగిరి ఆడాడు.

ఆయన బతికాడు. బెల్లి లలిత బతకలేదు. నల్లగొండ జిల్లా భువనగిరి ఆడబిడ్డ, స్పిన్నింగ్ మిల్లులో కార్మికురాలు, తెలంగాణ కళాసమితి గాయని. 1999 మే నెలలో ఆమెని చంపి, శరీరాన్ని పదిహేడు ముక్కలు చేసి పడేశారు. పాట పాడినందుకు! ఆ కేసులో ఆరోపణలు ఎదుర్కొన్నవాళ్ళలో మాజీ నక్సలైటు నయీం ఒకడు. పదిహేడేళ్ళ తర్వాత, 2016 ఆగస్టు 8న, మా షాద్‌నగర్‌లో మిలీనియం టౌన్‌షిప్‌లో నయీం పోలీసు కాల్పుల్లో చచ్చాడు. ఆ రోజు దేశమంతా టీవీల్లో షాద్‌నగర్ పేరు విన్నది. స్థలాలు, సెటిల్‌మెంట్లు, నోట్ల కట్టలు... వారం రోజులు ఇవే వార్తలు. బెల్లి లలిత పేరు స్క్రోలింగులో ఒక లైను. ఆమెని ఎవరు చంపమన్నారో కోర్టులో నోరు విప్పాల్సిన మనిషే లేకుండా పోయాడు. రియల్ ఎస్టేటు ధరల కోసం షాద్‌నగర్ పేరు వెతికే మనవాళ్ళు ఈ ఒక్క వాక్యం కూడా చదవాలని నా కోరిక.

గద్దర్ పాడింది ఆయుధాలు పట్టిన పార్టీ కోసం, ఇది కూడా చెప్పుకోవాలి. 2004లో ప్రభుత్వంతో చర్చలకి ఆయన, వరవరరావు, కళ్యాణరావు మావోయిస్టుల తరఫు దూతలు. అవి నిలవలేదు. 2005 ఆగస్టు 15న ఇదే పాలమూరు జిల్లా నారాయణపేటలో ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని మావోయిస్టులు కాల్చి చంపారు. ఆయనతో పాటు మరికొందరు పోయారు. పాటకి దండం పెట్టడమంటే తుపాకీ చేసింది మరిచిపోవడం కాదు. ఆఖరికి గద్దర్ కూడా ఆ దారి వదిలాడు. 2010లో తెలంగాణ ప్రజాఫ్రంట్ పెట్టాడు, 2018లో మొదటిసారి ఓటేశాడు. గుళ్ళకి వెళ్ళాడు, 2023లో రాహుల్ గాంధీ సభలో కనిపించాడు, సొంత పార్టీ కూడా ప్రకటించాడు. మారిపోయాడని తిట్టినవాళ్ళున్నారు. నా మటుకు నాకు, వెన్నులో తూటా ఉన్న మనిషి డెబ్బై ఏళ్ళకి ఓటు వేలు చూపిస్తే అందులో ద్రోహం కనపడదు.

2023 ఆగస్టు 6న ఆయన పోయాడు. ఒకప్పుడు వెంటాడిన ప్రభుత్వమే పోలీసు లాంఛనాలతో సాగనంపింది. అక్కడితో ఆగలేదు. "ఒరేయ్ రిక్షా" (1995) సినిమాలో పాటకి నంది అవార్డు ఇస్తే తీసుకోనన్న మనిషి కదా. 2024 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం ఆ నంది అవార్డుల స్థానంలో గద్దర్ పేరుతో అవార్డులు ప్రకటించింది. 2025 జూన్ 14న హైటెక్స్‌లో సినిమా తారలకి వాటిని పంచారు. అదే ఏడాది పద్మ పురస్కారం ఇవ్వలేదని ఒక రభస. వద్దన్న అవార్డుకి ఆయన పేరే పెట్టడం కంటే పెద్ద విచిత్రం ఎక్కడుంటుంది? ఉంది లెండి. 1991లో ద క్లాష్ పాట ఒకటి లీవైస్ జీన్స్ ప్రకటనలో వచ్చి బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అక్కడ తిరుగుబాటుని మార్కెట్టు కొనుక్కుంది, ఇక్కడ సర్కారు దత్తత తీసుకుంది.

అయితే వారసత్వం అవార్డులో ఉండదు. పాలమూరులో ఉంది. తెల్కపల్లి దగ్గర గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న, "కుబుసం" (2002) పాటతో ప్రపంచీకరణకి పల్లె ఎట్లా నలిగిందో మన అందరి చేతా వినిపించాడు. 2021కి సాహిత్య అకాడమీ అవార్డు ఆయన "వల్లంకి తాళం"కి వచ్చింది. అమరచింత కుర్రాడు సాయిచంద్ తెలంగాణ ఉద్యమ సభల్లో గొంతు చించుకుని పాడి, ముప్పై తొమ్మిదేళ్ళు నిండకుండానే 2023 జూన్‌లో గుండెపోటుతో పోయాడు, గద్దర్ కంటే అయిదారు వారాల ముందు. వీళ్ళిద్దరూ పదవులు తీసుకున్నారు. తప్పని నేననను. కానీ ఎమ్మెల్సీ అయినా, కార్పొరేషన్ చైర్మన్ అయినా, జనం గుర్తుపెట్టుకున్నది పాటనే.

చెప్పొచ్చేదేమంటే, పంక్ మనకిచ్చే పాఠం ఒక్కటే: అనుమతి అడగొద్దు. మూడు కార్డులొస్తే చాలన్నారు వాళ్ళు. మా దగ్గర ఆ మూడూ కూడా అడగలేదు. ఒక డప్పు, అమ్మ పాడిన బాణీ, చెప్పాల్సిన మాట. బెంగుళూరు హైవే మీద షాద్‌నగర్ దాటి వెళ్తుంటే రెండు పక్కలా వెంచర్ల బోర్డులు, కట్టే చోట పాలమూరు కూలీలు కనిపిస్తారు. భూమి ఎవరిది అన్న ప్రశ్న 1946లోదే, రేటే మారింది. దాన్ని ఈసారి ఎవరు పాడతారో, ఏ వాయిద్యంతో పాడతారో నేను చెప్పలేను. ఆ పాడేవాళ్ళకి బెల్లి లలిత గతి పట్టకుండా చూసుకోవడం మాత్రం వినేవాళ్ళ పని. అంటే మన పని.